బ్లాక్ లైట్నింగ్ శత్రువులెవరు?

వీరగాథ చదివినప్పుడు మనం సాధారణంగా వీరుణ్ణి గురించే మాట్లాడుకుంటాం. కాని ఆ గాథను తయారుచేసుకున్న సమాజం ఎలాంటిదో తెలియాలంటే వీరుణ్ణి కాదు, అతని శత్రువును పరిశీలించాలి. వీరుడి గుణాలు ఏ కాలంలోనైనా ఇంచుమించు ఒకటే: బలం, సాహసం, త్యాగం. మారుతూ ఉండేది శత్రువు. దుర్మార్గం ఎక్కడ పుడుతుందని ఆ సమాజం నమ్ముతున్నదో, ఎక్కడ పుడుతుందని దాని యజమానులు నమ్మించదలుచుకున్నారో, ఆ రెండూ ప్రతినాయకుడి రూపంలోనే బయటపడతాయి. ఈ మాట మన పురాణాలకు ఎంతగా వర్తిస్తుందో అమెరికాలో అచ్చయ్యే కామిక్ పుస్తకాలకూ అంతగానే వర్తిస్తుంది.

కామిక్ పుస్తకాల మీద విమర్శ రాయటమేమిటని కొందరు సాహిత్య విద్యార్థులు ముఖం చిట్లించవచ్చు. కోట్లాదిమంది చదివేదీ, సినిమాగా చూసేదీ విమర్శకు అనర్హమని అనుకోవటం విమర్శకు గౌరవం కాదు. ప్రజల ఊహల్ని ఎవరు మలుస్తున్నారో చూడటం మన పనుల్లో ఒకటి. అయితే సూపర్‌మాన్, బాట్‌మాన్ వంటి పేరుమోసిన వీరుల జోలికి నేను ముఖ్యంగా పోవటం లేదు. వాళ్ళమీద ఎనభై ఏళ్ళకు పైగా పూసిన రంగు అట్టలు కట్టింది. అంతగా పేరులేని ఒక వీరుణ్ణి తీసుకుంటే అతుకులు స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే బ్లాక్ లైట్నింగ్‌ను ఎంచుకున్నాను.

ఇలాంటి చిన్న వీరులకు కూడా అభిమానులున్నారు. వాళ్ళ చర్చలు నేను శ్రద్ధగానే విన్నాను. మూడు విషయాల మీద అవి తిరుగుతూ ఉంటాయి: ఫలానా పాత్ర మొదట ఏ సంచికలో కనిపించింది, వీరుడి శక్తులు ఎలా వచ్చాయి, శత్రువుల జాబితాలో ఎవరెవరున్నారు. ఈ శ్రద్ధను వెక్కిరించటం నాకు ఇష్టం లేదు. జెర్రీ బెయిల్స్ 1961లో 'ఆల్టర్ ఈగో' అనే అభిమానుల పత్రిక ప్రారంభించిన నాటినుంచి అమెరికన్ కామిక్స్ చరిత్రను కాపాడటంలో పాఠకుల పాత్ర చాలా పెద్దది. ఏ బొమ్మ ఎవరు గీశారో కంపెనీలు అచ్చువెయ్యని రోజుల్లో గీత తీరును బట్టి చిత్రకారుల్ని గుర్తుపట్టింది అభిమానులే. అయితే వాళ్ళ జాబితా ఎక్కడ ఆగిపోతుందో అక్కడే విమర్శ మొదలు కావాలి. 'ఈ శత్రువు ఎంత బలవంతుడు?' అని అభిమాని అడుగుతాడు. 'ఈ శత్రువే ఎందుకు? ఇంకొకడు ఎందుకు కాలేదు?' అని విమర్శకుడు అడగాలి.

ముందు ఈ వీరుడి పుట్టుక చూద్దాం. 1970 ప్రాంతాల్లో అమెరికాలో నల్లజాతి ప్రజల పోరాటాల ఫలితంగా పుస్తకాల వ్యాపారులకు కొత్త పాఠకులు కనిపించారు. మార్వెల్ కంపెనీ 1966లో బ్లాక్ పాంథర్‌ను, 1969లో ఫాల్కన్‌ను ప్రవేశపెట్టింది. 1972లో ల్యూక్ కేజ్ పేరుతో ఏకంగా ఒక పత్రికే ప్రారంభించింది. పోటీ కంపెనీ అయిన డీసీకి కూడా ఒక నల్ల వీరుడు కావలసి వచ్చాడు. టోనీ ఇసబెల్లా అనే రచయిత తరువాత చెప్పిన దాన్ని బట్టి, ఆ కంపెనీ మొదట సిద్ధం చేసుకున్న పాత్ర పేరు బ్లాక్ బాంబర్. నల్లవాళ్ళంటే గిట్టని ఒక తెల్లవాడు, మానసికంగా ఒత్తిడి కలిగినప్పుడు, తనకు తెలియకుండానే నల్ల వీరుడిగా మారిపోతాడు! నల్లజాతికి ఇవ్వదలచిన వీరుడిలో కూడా అసలు మనిషి తెల్లవాడే కావాలన్న ఈ ఊహ వెనక ఉన్న మనస్తత్వానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. దాన్ని అచ్చువేస్తే పరువు పోతుందని ఇసబెల్లా వాదించి, దాని స్థానంలో తన పాత్రను ఒప్పించాడు. అలా 1977 ఏప్రిల్ తేదీతో 'బ్లాక్ లైట్నింగ్' మొదటి సంచిక వెలువడింది. రచయిత తెల్లవాడు. చిత్రకారుడు ట్రెవర్ వాన్ ఈడెన్ గయానాలో పుట్టిన నల్లజాతి కుర్రవాడు, అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

కథ సరళమైనది. జెఫర్సన్ పియర్స్ ఒలింపిక్ క్రీడల్లో డెకాథ్లాన్‌లో బంగారు పతకం గెలిచినవాడు. తను పుట్టిన సూసైడ్ స్లమ్ అనే మురికివాడకు ఉపాధ్యాయుడిగా తిరిగివస్తాడు. బడిలో మత్తుమందు అమ్మేవాణ్ణి కొట్టి తరుముతాడు. దానికి ప్రతీకారంగా, 'ది 100' అనే ముఠా అతని శిష్యుల్లో ఒక పిల్లవాణ్ణి చంపి శవాన్ని బడి వ్యాయామశాలలోనే వదిలిపోతుంది. చట్టం ఏమీ చెయ్యదు. పియర్స్ ముసుగు తొడుగుతాడు. అతనికి దుస్తులూ, విద్యుత్తు పుట్టించే నడికట్టూ ఇచ్చేవాడు పీటర్ గాంబీ అనే దర్జీ, తండ్రి పోయిన జెఫర్సన్‌కు తండ్రివంటివాడు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసినవి రెండున్నాయి. ఒకటి: వీరుడు కోటీశ్వరుడు కాదు, అన్యగ్రహవాసి కాదు. జీతంమీద బతికే బడిపంతులు. సూపర్‌హీరో కామిక్స్‌లో ఇది అరుదైన విషయం, ఇసబెల్లాకు దక్కవలసిన గౌరవం. రెండు: ఆ ముసుగు. దానికి గుబురుజుట్టు టోపీ కూడా అతికించి ఉంటుంది. పగలు బడిలో పియర్స్ పొందికైన శిష్టభాష మాట్లాడతాడు. రాత్రి ముసుగు తొడగగానే పేటభాషలోకి దిగుతాడు. వ్యావహారిక భాష కోసం పోరాడిన జాతికి చెందిన మనకు ఈ ఏర్పాటు వెంటనే తగులుతుంది. ప్రజల జుట్టూ, ప్రజల భాషా, ప్రజల కోపమూ అన్నీ వేషంలో భాగాలే. వేషం తీసేస్తే మిగిలేది పెద్దమనిషి. అసలు మనిషికీ అతని కోపానికీ మధ్య కుట్టిన ఈ కుట్టును రచయిత ఉద్దేశించాడో లేదో మనకు అనవసరం. అది కథలో ఉంది.

ఇప్పుడు శత్రువు దగ్గరికి వద్దాం. 'ది 100' ముఠా ఈ కథకోసం పుట్టింది కాదు. 1970లో లోయిస్ లేన్ పత్రికలో 'రోజ్ అండ్ ది థార్న్' కథలకోసం పుట్టి, అరువు వచ్చింది. సూసైడ్ స్లమ్ ఇంకా పాతది. 1942లో జో సైమన్, జాక్ కర్బీ రాసిన న్యూస్‌బాయ్ లీజన్ కథల్లో మొదట కనిపించింది. తరువాత సూపర్‌మాన్ ఉండే మెట్రోపోలిస్ నగరంలో దానికి చోటు దొరికింది. అంటే 1977 నాటికి ఆ మురికివాడకు ముప్ఫై అయిదేళ్ళ వయసు. ఈ లోపల నగరం మీద ఎందరు దండెత్తారో, ఆ మహావీరుడు ఎన్నిసార్లు ప్రపంచాన్ని రక్షించాడో లెక్కలేదు. మురికివాడ మాత్రం మురికివాడగానే ఉండిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ముఠాకు ఆ నగరంలో నాయకుడు టోబియస్ వేల్. పర్వతంలాంటి శరీరం. నల్లజాతివాడే కాని పుట్టుకతోనే చర్మంలో రంగు లేనివాడు. పాలలా తెల్లగా ఉంటాడు. ఇంటిపేరుకు అర్థం తిమింగలం. మెల్విల్ నవల 'మోబీ డిక్' తెలిసిన పాఠకుడికి తెల్ల తిమింగలం గుర్తుకు రాక తప్పదు. కాని ఈ పాత్ర నిర్మాణంలో ఉన్న అసలు కిటుకు ఇంకొకటి. నల్లవాడలను పీల్చేది తెల్ల ధనం అన్న సత్యాన్ని రచయిత పూర్తిగా దాచలేకపోయాడు, పూర్తిగా చెప్పనూలేకపోయాడు. అందుచేత ఒక నల్లవాణ్ణి తెచ్చి తెల్లరంగు పూశాడు. చర్మం తెలుపు, జాతి నలుపు. దోపిడీ రంగు కనిపిస్తూనే ఉంది, దోపిడీదారు మాత్రం బాధితుల వర్గంలోనే దొరికాడు. చెప్పదలచినదీ చెప్పనివ్వనిదీ ఒకే శరీరంలో కాపురం చేస్తున్నాయి. టోబియస్ వేల్ అన్ని రూపాల్లోనూ మళ్ళీమళ్ళీ తిరిగి రావటానికి కారణం అతని భుజబలం కాదు, ఈ వైరుధ్యమేనని నా అభిప్రాయం.

ఇందులో బ్లాక్ లైట్నింగ్ ఒంటరివాడు కాడు. ల్యూక్ కేజ్ మొదటి శత్రువులు డైమండ్‌బాక్, బ్లాక్ మరయా, కాటన్‌మౌత్, అందరూ నల్లజాతివాళ్ళే, అందరూ పేటలోని నేరస్థులే. వీరుడు నల్లవాడైన వెంటనే కథాస్థలం కుంచించుకుపోయి, శత్రువు పక్కవీధిలోకి వచ్చేస్తాడు. తెల్లవీరుడికి శత్రువులు గ్రహాంతరాలనుంచి వస్తారు. నల్లవీరుడికి శత్రువు ఇరుగుపొరుగువాడే.

మరి 1977లో ఒక అమెరికన్ బడిపంతులుకు నిజమైన శత్రువులెవరు? ఈ పుస్తకాలు తయారయింది న్యూయార్క్‌లో. 1975లో ఆ నగరం దివాలా అంచుకు వచ్చింది. బాంకులు నగరం బాండ్లను కొనటం మానేశాయి. ఖర్చు తగ్గించుకోమన్న వాళ్ళ షరతుకు లోబడి నగరపాలన వేలాదిమంది ఉపాధ్యాయుల్ని ఉద్యోగాల్లోంచి తీసేసింది. ఆ సెప్టెంబరులో ఉపాధ్యాయులు సమ్మె చేశారు. చివరకు అక్టోబరులో నగరం దివాలా తీయకుండా ఆగటానికి ఉపాధ్యాయుల పింఛను నిధిలోంచే 15 కోట్ల డాలర్లు పెట్టి బాండ్లు కొనవలసి వచ్చింది. తీసేసింది వాళ్ళని, ఆదుకోవలసి వచ్చిందీ వాళ్ళే. దీనికి వెనక ఇంకా పెద్ద చరిత్ర ఉంది. 1930లలో ప్రభుత్వ సంస్థలే నగరాల పటాలమీద నల్లవాడల చుట్టూ ఎర్రగీత గీసి, అక్కడ ఇళ్ళకు అప్పు ఇవ్వటం ప్రమాదకరమని నిర్ణయించాయి. ఇళ్ళ విషయంలో జాతివివక్షను నిషేధించే చట్టం 1968లో గాని రాలేదు. మురికివాడ ఆకాశంనుంచి ఊడిపడలేదు. దాన్ని కాగితంమీద గీసి, సంతకం పెట్టి, తయారుచేశారు.

జెఫర్సన్ పియర్స్ బడిలో మత్తుమందు అమ్మేవాడున్నాడు. అది అబద్ధం కాదు. కాని తరగతిగది మూయించిన బాంకు లేదు, అద్దె వసూలుచేసుకునే ఇంటి యజమాని లేడు, ఎర్రగీత గీసిన గుమాస్తా లేడు. వీరుడి చేతిలో మెరుపుంది. అది ఎవరిమీద పడాలో ముందే నిర్ణయమైపోయింది.

ఎవరు నిర్ణయించారు? ఇది రచయిత ఒక్కడి బలహీనత అని సరిపెట్టుకుంటే పొరపాటు. 1954లో అమెరికన్ కామిక్ ప్రచురణకర్తలు తమకు తాము ఒక నియమావళి విధించుకున్నారు. పోలీసుల్ని, న్యాయమూర్తుల్ని, ప్రభుత్వాధికారుల్ని, గౌరవనీయమైన సంస్థల్ని వాటిపట్ల అగౌరవం కలిగేలా చిత్రించరాదని అందులో ఉంది. ఆ ముద్ర లేని పుస్తకాన్ని చాలామంది పంపిణీదారులు ముట్టుకునేవారు కాదు. 1971లో దాన్ని సడలించారు. మత్తుమందుల గురించి రాయవచ్చు, అది చెడ్డ అలవాటుగా చూపించాలి. అధికారుల అవినీతిని చూపించవచ్చు, కాని అది అసాధారణమైన విషయంగా కనిపించాలి, తప్పుచేసినవాడికి శిక్ష పడాలి. ఈ చివరి షరతును సాహిత్య విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. ఇది ఒక పదాన్ని నిషేధించటం లేదు, ఒక దృశ్యాన్ని నిషేధించటం లేదు. ఒక కథనపద్ధతిని ఆజ్ఞాపిస్తున్నది. దుర్మార్గం మినహాయింపు, వ్యవస్థ నియమం. ఈ సూత్రానికి లోబడి ఎంత ఆగ్రహంగానైనా రాసుకోవచ్చు. ప్రతినాయకుడు అంటేనే మినహాయింపుకు మరోపేరు. అతణ్ణి పట్టుకుని జైల్లో వేస్తే లోకం మళ్ళీ చక్కబడినట్టే.

ఈ సూత్రం ఎంత బలమైనదో తెలుసుకోవటానికి ఒక మంచి కథనే తీసుకుందాం. 1970లో డెన్నీ ఓనీల్ రాసి నీల్ ఆడమ్స్ బొమ్మలు గీసిన 'గ్రీన్ లాంటర్న్' 76వ సంచికలో జుబల్ స్లేడ్ అనే ఇంటి యజమాని ఉన్నాడు. పేదల్ని ఖాళీచేయిస్తాడు. రంగురంగుల గ్రహవాసుల్ని ఆదుకున్నావు కదా, మా నల్లవాళ్ళకు ఏం చేశావని ఒక ముసలి నల్లవాడు వీరుణ్ణి నిలదీస్తాడు. వీరుడు తల వంచుకుంటాడు. నిజాయితీ ఉన్న ఘట్టం, అభిమానులు ఈనాటికీ దాన్ని తలుచుకోవటంలో న్యాయముంది. కాని ఆ తరువాత ఏమైంది? స్లేడ్‌ను చట్టానికి అప్పగించటానికి మనుషుల్ని చంపించబోయిన నేరం కావలసి వచ్చింది. పేదల్ని వీధిలోకి గెంటటం నేరం కాలేదు! ఇంటి యజమాని ఇంటి యజమానిగా నిర్దోషి. గూండాగా మారినప్పుడే దోషి. నియమం చెక్కు చెదరలేదు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. 'కథకు ఒక ముఖం కావాలి. బాంకునూ బాండునూ బొమ్మ గీయలేం. పిల్లలు చదివే పుస్తకంలో అర్థశాస్త్రం వెతకటం అన్యాయం' అని. ఈ ఆక్షేపణను నేను తేలిగ్గా తీసుకోను. కళ నిర్దిష్టాన్ని కోరుతుంది. నినాదంతో కథ నడవదు. కాని ఈ వాదన నిలవదనటానికి ఈ సాహిత్యంలోనే రెండు సాక్ష్యాలున్నాయి.

మొదటి సాక్ష్యం సూపర్‌మాన్. 1938లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు యువకులు అతణ్ణి సృష్టించినప్పుడు, తొలి సంచికల్లో అతని శత్రువులు గ్రహాంతరవాసులు కారు. మూడో కథలోనే అతను గనికార్మికుడి వేషంలో గనిలో దిగి, భద్రత పట్టించుకోని యజమానిని అదే గనిలో ఇరికించి, కార్మికులు ఏ గాలి పీలుస్తున్నారో అనుభవంలోకి తెస్తాడు. 1939 జనవరి సంచికలో మురికివాడ పిల్లలు దొంగలవటానికి కారణం మురికివాడేనని గ్రహించి ఆ వాడనే కూలగొడతాడు, ప్రభుత్వం మంచి ఇళ్ళు కట్టవలసి వచ్చేలాగ. ఆర్థికమాంద్యం నాటి పిల్లలకు ఆ కథలు బాగానే అర్థమయ్యాయి, బాగానే అమ్ముడుపోయాయి. కనుక రూపానికి శక్తి లేకకాదు. ఆ పాత్ర ఎంత పెద్ద ఆస్తి అయిందో, దాని శత్రువు అంత దూరగ్రహానికి పోయాడు.

రెండో సాక్ష్యం బ్లాక్ లైట్నింగ్ కథలోనే ఉంది. అది దర్జీ గాంబీ. ఇతను ఒకనాడు 'ది 100' కూలికి పనిచేసినవాడనీ, జెఫర్సన్ తండ్రిని చంపింది ఇతనేననీ తరువాతి సంచికల్లో బయటపడుతుంది. ఆ పాపభారంతోనే పిల్లవాణ్ణి పెంచాడు, ఆ చేతులతోనే వీరుడి బట్టలు కుట్టాడు, చివరకు అతని కోసం తూటాకు అడ్డుపడి చనిపోయాడు. ఈ పత్రిక పదకొండు సంచికల్లో సాహిత్యం అనదగినది ఏదైనా ఉంటే ఇది. ఎందుకంటే ఇక్కడ దుర్మార్గం మినహాయింపు కాదు. కొండలాంటి విలన్ శరీరంలో అది లేదు. అది ఇంట్లోకి వచ్చింది, అన్నం పెట్టింది, ప్రేమించింది, బట్టలు కుట్టింది. కూలికి దొరికిన మంచివాడిచేత హత్య చేయించగల ఒక ఏర్పాటు గాంబీ వెనక నిలబడి ఉంది. ఒక్క అర్థశాస్త్రపు మాట లేకుండానే పాఠకుడికి అది తెలుస్తుంది. వ్యవస్థను బొమ్మ గీయలేం, నిజమే. కాని మనుషుల మధ్య సంబంధాన్ని గీయగలం, వ్యవస్థ ఉండేది అక్కడే. శత్రువుల జాబితాల్లో గాంబీ పేరు సాధారణంగా ఉండదు. ఉండవలసిన మొదటి పేరు అదే.

పత్రిక 1978లో ఆగిపోయింది. ఆ ఏడు కంపెనీ ఒక్కసారిగా అనేక పత్రికలను నిలిపేసింది. ఆ తరువాత బ్లాక్ లైట్నింగ్ శత్రువులు మారిన తీరు చూస్తే, అమెరికా రాజకీయ వాతావరణానికి అదొక కొలమానంలా ఉంటుంది.

1979లో జస్టిస్ లీగ్ అనే మహావీరుల సంఘం అతణ్ణి ఆహ్వానిస్తే అతను కాదన్నాడు. తన పని తన పేటలోనే అన్న ఆత్మగౌరవం ఇంకా మిగిలి ఉంది. 1983కు అతను బాట్‌మాన్ నాయకత్వంలో అవుట్‌సైడర్స్ అనే దళంలో సభ్యుడు. బడిపంతులు కోటీశ్వరుడి అనుచరుడయ్యాడు. అక్కడ అతన్ని వెంటాడేది ఒక ముఠా కాదు, అపరాధభావం. అతను నేరస్థులతో పోరాడుతుండగా దారితప్పిన తూటా తగిలి ఒక బాలిక చనిపోయింది. ఆ బాధలో అతని శక్తే పోయింది. పైగా ఆ పిల్ల తల్లిదండ్రులే కక్షతో ఒక దుష్టదళాన్ని అతనిమీదకు కిరాయికి పంపుతారు. పేటలో పిల్లలమీద తూటాలు ఎందుకు కురుస్తున్నాయన్న ప్రశ్న పోయింది. వీరుడి మనోవ్యధ మిగిలింది. తప్పంతా వ్యక్తిదేనని, పేదవాడి బాధకు పేదవాడే బాధ్యుడని అధికారంలో ఉన్నవాళ్ళు బోధిస్తున్న కాలం అది.

2001 నాటి కథలు ఇంకొక అడుగు వేశాయి. సూపర్‌మాన్ శత్రువు లెక్స్ లూథర్‌ను 1986లోనే పిచ్చి శాస్త్రజ్ఞుడి స్థానంనుంచి మహా వ్యాపారి స్థానానికి మార్చారు. ఇప్పుడు అతను ఎన్నికల్లో గెలిచి దేశాధ్యక్షుడయ్యాడు. అతని మంత్రివర్గంలో విద్యాశాఖ కార్యదర్శి ఎవరు? జెఫర్సన్ పియర్స్! లోపల ఉండి మంచి చేయవచ్చునన్నది అతని సమాధానం. ఎన్ని దేశాల్లో, ఎందరు మేధావుల నోట విన్న సమాధానం ఇది! ఇంత గొప్ప వస్తువు చేతికి దొరికీ ఆ రచయితలు దాన్ని వదిలేశారు. వ్యాపారి అధికారానికి రావటం వ్యవస్థ సహజ ఫలితంగా కాక ఒక దుష్టుడి కుట్రగానే ముగిసింది. మళ్ళీ మినహాయింపే.

2018 నుంచి 2021 దాకా టెలివిజన్‌లో 58 భాగాలుగా వచ్చిన ధారావాహికను ఈ దృష్టితో చూస్తే కొంత ముందడుగే. నిర్మాత సలీమ్ అకిల్ నల్లజాతివాడు. పియర్స్ ఇందులో బడి ప్రధానోపాధ్యాయుడు, ఇద్దరు కూతుళ్ళ తండ్రి. టోబియస్ వేల్ వెనక ఒక రహస్య ప్రభుత్వ సంస్థ ఉంది. ఆ సంస్థ ఒక తరం క్రితం టీకా పేరుతో నల్లపిల్లలమీద ప్రయోగం చేసింది. అది బయటపెట్టబోయిన పాత్రికేయుడే జెఫర్సన్ తండ్రి. అమెరికన్ ప్రేక్షకుడికి దీనివెనక చరిత్ర తెలుసు. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 వరకు ప్రభుత్వ ఆరోగ్యశాఖ దాదాపు 600 మంది నల్లజాతి పురుషులమీద అధ్యయనం నడిపింది. వాళ్ళలో సిఫిలిస్ ఉన్న 399 మందికి, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా, వైద్యం చెయ్యకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. నలభై ఏళ్ళ తరువాత బ్లాక్ లైట్నింగ్ కథ ఆ తలుపు తట్టింది. టోబియస్ చివరకు నగరానికి మేయరు కూడా అయ్యాడు. అయినా ఆ సంస్థ రహస్యం కాంగ్రెసు ముందు పెట్టగానే అది మూతపడుతుంది. టస్కీగీలో జరిగినది రహస్యం కాదు. దాని ఫలితాలు వైద్యపత్రికల్లో బాహాటంగా అచ్చయ్యాయి. భయంకరమైనది అదే. కుట్ర అయితే బయటపెడితే చాలు. అందరి కళ్ళముందూ, నియమం ప్రకారం జరిగినదానికి ఏ మెరుపు చాలుతుంది?

చివరగా ఒక శత్రువు మిగిలాడు. అతను ఏ సంచికలోనూ కనిపించడు. అతను ఒప్పందపత్రం. సీగెల్, షూస్టర్ సూపర్‌మాన్‌ను 130 డాలర్లకు అమ్మేశారు. దశాబ్దాల తరువాత, పేదరికంలో పడి, బహిరంగంగా గోల చేస్తే, 1975లో ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్లు, పుస్తకంమీద పేరు దక్కాయి. బ్లాక్ లైట్నింగ్ పుట్టిన 1977లోనే టెలివిజన్ బొమ్మల చిత్రంలో బ్లాక్ వల్కన్ అనే మరో మెరుపువీరుడు ప్రత్యక్షమయ్యాడు. తనకు ఇవ్వవలసిన సొమ్ము ఎగవేయటానికే ఆ పాత్రను కల్పించారని ఇసబెల్లా ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చాడు. 1978 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కాపీరైటు చట్టం, కూలికి చేయించిన రచనకు యజమానే గ్రంథకర్త అనే సూత్రాన్ని మళ్ళీ గట్టిపరచింది. ఆ ఏడాదే నీల్ ఆడమ్స్ చొరవతో చిత్రకారులూ రచయితలూ సంఘం పెట్టుకోబోయారు. అది నిలవలేదు. 1995లో ఇసబెల్లా తన వీరుణ్ణి తన సొంత ఊరు క్లీవ్‌లాండ్‌కు తీసుకువచ్చి మళ్ళీ రాశాడు. ఎనిమిది సంచికల తరువాత ఆ పని అతని చేతిలోంచి పోయింది. పదమూడో సంచికతో పత్రికే పోయింది. టెలివిజన్ తెరమీద అతని పేరూ వాన్ ఈడెన్ పేరూ కనిపించటానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది. ఆ పేర్లను ఈ లోపల మరవనివ్వనిది అభిమానులు. ఇది వాళ్ళకు నేను మనస్ఫూర్తిగా ఇచ్చే కితాబు.

పేరు దక్కని శ్రమ మనకు తెలియనిది కాదు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా 'చందమామ'ను నడిపించినా సంపాదకుడిగా ఆయన పేరు దానిమీద లేదు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళను ఊపిరి బిగపట్టి చదివిన పిల్లలకు వాటి రచయిత ఎవరో తెలియలేదు. కనుక ఈ ప్రశ్న అమెరికాది మాత్రమే కాదు.

పాత్ర ఎవరి ఆస్తో, ఆ పాత్రకు శత్రువును ఎన్నుకునే హక్కు కూడా వారిదే. ఇదే నేను చెప్పదలచిన ముఖ్యవిషయం. టోబియస్ వేల్ మేయరు కావచ్చు, లూథర్ అధ్యక్షుడు కావచ్చు. వాళ్ళు అందులో ఉన్నది యజమాని అనుమతితోనే. ఆ అనుమతి పరిధిలోనే, గాంబీ వంటి పాత్రతో, ఒక మంచి రచయిత గోడకు బీట పెట్టగలడు. ఆ బీటను చూపించటం విమర్శకుడి పని. దాన్ని వెడల్పు చెయ్యటం రాసేవాళ్ళ పని. అభిమానులు తమ శత్రువుల జాబితాలను మానుకోనక్కర్లేదు. ప్రతి పేరు పక్కనా ఒక గడి అదనంగా గీసుకుంటే చాలు: 'ఇతణ్ణి ఓడించిన మర్నాడు ఆ మురికివాడలో అద్దె ఎవరు వసూలు చేసుకున్నారు?' ఆ గడి నిండేదాకా జెఫర్సన్ పియర్స్ యుద్ధం మొదలుకానట్టే లెక్క.